ఏడు ఒకట్లలో నా వాటా

ఎమ్మిగనూరులో పెద్దవాళ్ళు కొందరు ఇప్పటికీ మా బావను ‘ఏడొకట్ల అయ్యవారు’ అంటారు. కొత్తగా విన్నవాళ్ళు అదేదో బిరుదు అనుకుంటారు. కాదు. లేని గొప్పను ఒక సంఖ్యకు అంటగట్టి, నలుగురిలో భంగపడ్డ పంతులు అని దాని అర్థం. ఆ మాట వెనక ఒక చిన్న నవ్వు ఉంటుంది. ఆ నవ్వు నాకు రావలసింది. ఇన్నేళ్ళూ అది ఆయనకు పోతూ ఉంటే నేను పక్కన కూర్చుని విన్నాను. ఎవరి వల్ల ఏం జరిగిందో ఎమ్మిగనూరు, ఆదోని రెండు ఊళ్ళవాళ్ళకూ తెలియాలని ఇది రాస్తున్నాను. దానితోపాటు ఆ సంఖ్య గురించి కూడా రాయాలి. ఎందుకంటే ఈ కథలో మా ఇద్దరికంటే పెద్దది అదే.

బావ అంటే మా అక్క భర్త. మా తాలూకా బళ్ళారి జిల్లా నుంచి విడిపోయి కర్నూలు జిల్లాలో కలిసిన కొత్తలో ఆయన ఎమ్మిగనూరులో ఒక హైస్కూలులో పనిచేసేవాడు. డిగ్రీ లేదు. ట్రైనింగు మాత్రం ఉంది. అందుకని చిన్న క్లాసులకు లెక్కలు చెప్పమని పెట్టారు. ఎస్సెల్సీ పిల్లలకు లెక్కలు చెప్పాలని ఆయనకు ఎంత ఆశో మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆ ఏడాది ఎస్సెల్సీ లెక్కల పంతులు బదిలీ అయి పోతున్నాడు. హెడ్మాస్టరు బావను పిలిచి, స్కూలు వార్షికోత్సవానికి బళ్ళారి కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన ఒక పెద్దాయన అధ్యక్షుడుగా వస్తున్నాడనీ, ఆయన ముందు లెక్కల మీద కాసేపు మాట్లాడమనీ, ఆయన సరేనంటే పై క్లాసు నీకే ఇస్తాననీ చెప్పాడు.

నేనప్పుడు ఆదోనిలో ఒక పత్తి మండీలో గుమాస్తాను. పెళ్ళి కాలేదు. ఆదివారం వస్తే బస్సెక్కి అక్కా వాళ్ళింటికి పోయేవాణ్ణి. నా పనిలో ముఖ్యమైనది మచ్చు తీయడం. పత్తి బండి వచ్చి నిలబడితే మొత్తం విప్పి చూడటం ఎవరి తరమూ కాదు. పైన ఒక పిడికెడు, నడుమ ఒక పిడికెడు, అడుగున ఒక పిడికెడు లాగుతాము. అదే మచ్చు. బొటనవేళ్ళ మధ్య పింజ సాగదీసి పొడవు చూస్తాము. గింజ కొరికి తడి ఉందో లేదో చూస్తాము. ఆ మూడు పిడికిళ్ళను బట్టి బండెడు పత్తికి ధర చెబుతాము. నా చెయ్యి మంచి చెయ్యి అని మండీలో పేరు. నేను మచ్చు చూసి చెప్పిన మాట తప్పిపోయిందని ఎవరూ అనలేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, దీని అవసరం ముందు ఉంది.

వాళ్ళ ఇంటి నేల నాపరాళ్ళు పరిచిన నేల. బావకు అదే బోర్డు. స్కూలు నుంచి తెచ్చిన చాక్‌పీసు ముక్కలతో నడవా అంతా లెక్కలు వేసేవాడు. ఒక ఆదివారం నేను పోయేసరికి నేల మీద ఎటు చూసినా ఒకట్లే. రెండు ఒకట్లు, మూడు ఒకట్లు, నాలుగు ఒకట్లు, వరసలు వరసలుగా. అక్క తడిగుడ్డ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

“చూడప్పా మీ బావ పని. ఇల్లంతా కంచె నాటినాడు. నేను యాడ కాలు పెట్టాల?”

బావ తల ఎత్తలేదు. నన్ను చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఒకట్లు తప్ప మరే అంకే లేని సంఖ్యలు ఏయే ముక్కలుగా పగులుతాయో చూస్తున్నానని చెప్పాడు. పదకొండు పగలదు. ఒకటి, తాను తప్ప దాన్ని ఏదీ నిశ్శేషంగా భాగించదు. నూటపదకొండు మూడు, ముప్పై ఏడుగా పగులుతుంది. నాలుగు ఒకట్లు పదకొండు, నూటొకటి. ఐదు ఒకట్లు నలభై ఒకటి, రెండు వందల డెబ్బై ఒకటి. ఆరు ఒకట్ల దగ్గరికి వచ్చేసరికి ఒక్కసారిగా ఐదు ముక్కలు: మూడు, ఏడు, పదకొండు, పదమూడు, ముప్పై ఏడు. ఈ ఐదింటినీ వరసగా హెచ్చించుకుంటూ పోతే 111111 రావడం నేను ఆ నేల మీదే మొదటిసారి చూశాను. ఏడు, పదమూడు, ముప్పై ఏడు ఇలా ఒకదానికొకటి పోలిక లేని సంఖ్యలు చేయి చేయి కలిపితే అంత నున్నని వరస ఎలా తయారైందో నాకు అర్థం కాలేదు. బావకూ అర్థం కాలేదు. అర్థం కానందుకు ఆయన ముఖంలో ఎంత సంతోషమో.

“ఇంగ ఇది చూడు,” అని ఏడు ఒకట్లు రాశాడు. పదకొండు లక్షల పదకొండు వేల నూటపదకొండు. దాన్ని దానితోనే హెచ్చించి చూపించాడు. 1234567654321 వచ్చింది. ఏడు దాకా మెట్లెక్కి, మళ్ళీ ఒక్కొక్క మెట్టే దిగి వచ్చినట్టు ఉంది. తడిగుడ్డ పక్కన పెట్టి అక్క కూడా వంగి చూసింది. తరువాత బావ ఆరు ఒకట్లను పగలగొట్టిన ఐదు సంఖ్యలతోనూ దీన్ని భాగించాడు. మూడుతో భాగిస్తే ఒకటి మిగిలింది. ఏడుతో ఒకటి. పదకొండుతో ఒకటి. పదమూడుతో, ముప్పై ఏడుతో కూడా ఒకటే. ఆరు ఒకట్లూ వాటి పాలు అయిపోతే కొత్తగా చేరిన ఆ ఏడో ఒకటి ఎవరికీ చిక్కకుండా ప్రతిసారీ బయట నిలబడుతోంది. కారణం తెలిశాక కూడా ఆ వింత నాకు తగ్గలేదు.

“ఇది పగల్దు అనిపిస్తాందప్పా నాకు,” అన్నాడు బావ. పెద్దగా అంటే సంఖ్య వింటుందేమో అన్నట్టు అన్నాడు.

అనిపిస్తే చాలదని ఆయనకు తెలుసు. నిజంగా పగలదని చెప్పాలంటే ఎక్కడిదాకా చూడాలో నాకు వివరించాడు. ఏ సంఖ్యయినా రెండు ముక్కలైతే ఒక ముక్క చిన్నది, ఒకటి పెద్దది. చిన్న ముక్క వెయ్యిన్నీ యాభై నాలుగు దాటడానికి వీల్లేదు. రెండు ముక్కలూ అంతకు మించి ఉంటే వాటి లబ్ధం ఏడు ఒకట్లను దాటిపోతుంది. కాబట్టి అంతవరకు ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితోనూ, అంటే తమకు తాము పగలని సంఖ్యలన్నిటితోనూ, ఒక్కొక్కటిగా భాగించి చూడాలి. ఏదీ తగలకపోతే ఏడు ఒకట్లు ప్రధాన సంఖ్య. ఆ మాట వార్షికోత్సవంలో చెప్పాలని ఆయన కోరిక. పై క్లాసు అడగడానికి అంతకంటే మంచి దారి లేదని కూడా అనుకున్నాడు.

అలాంటివి నూటా డెబ్బైకి పైన ఉన్నాయి. ఒక్కడి వల్ల అయ్యేది కాదు. సగం నేను చేస్తానని నోరు జారాను. ప్రధాన సంఖ్యలు రెండూ ఐదూ తప్ప అన్నీ ఒకటితోనో మూడుతోనో ఏడుతోనో తొమ్మిదితోనో ముగుస్తాయి. బావ అక్కడికక్కడే పంచాడు. ఒకటితో, ఏడుతో ముగిసేవి తనకు. మూడుతో, తొమ్మిదితో ముగిసేవి నాకు.

“బామ్మర్దికి ఎప్పుడూ పెద్ద భాగమే పెట్టాల,” అని అక్కను చూసి నవ్వాడు. “తొమ్మిది కంటే పెద్దంకె లేదు గదా.”

నేను నా సంఖ్యలు రాసుకుని ఆదోనికి వచ్చాను. అది పత్తి సీజను. పొద్దున లేస్తే బండ్ల వరస. సాయంత్రానికి తల నిండా, మీసాల నిండా దూది. అయినా మొదట బాగానే చేశాను. రోజుకు కొన్ని. మూడు, పదమూడు, పంతొమ్మిది, ఇరవై మూడు. ప్రతిదీ ఏదో ఒకటి మిగిల్చింది. వంద దాటాను. ఆ సంఖ్యను భాగిస్తూ ఉంటే ఒక విచిత్రమైన ధైర్యం వచ్చింది. ఇది నిజంగానే ఎవరికీ లొంగదు అనిపించింది. ఆదోని కొండ మీద ఒకదాని మీద ఒకటి నిలబడ్డ గుండ్లను చూస్తే ఎలా అనిపిస్తుందో అలా. నూటతొంభై తొమ్మిది చేశాక ఆపాను.

ఆపి, నా చేతికి బాగా తెలిసిన పని చేశాను. మచ్చు తీశాను. నాలుగు వందల నుంచి ఒకటి రెండు, ఏడు వందల నుంచి ఒకటి రెండు, చివర వెయ్యి దాటిన వాటిలో ఒకటి. పైన, నడుమ, అడుగున. ఏదీ తగల్లేదు. సరుకంతా ఇలాగే ఉంటుందని తేల్చేశాను. అప్పుడు అది మోసం అని నాకు తోచలేదు. బండెడు పత్తికి మూడు పిడికిళ్ళు చాలినప్పుడు దీనికి ఎందుకు చాలవు? పత్తిలో ఒక పిడికెడు ఇంకో పిడికెడుకు తోబుట్టువు. ఒకే చేను, ఒకే వాన. సంఖ్యలు అలా కావు. రెండు వందల ముప్పై మూడు ఎలాంటిదో తెలిసినంత మాత్రాన రెండు వందల ముప్పై తొమ్మిది గురించి ఏమీ తెలియదు. ప్రతి ఒక్కటీ ఒంటరిగా పుట్టింది. ఇది నాకు తెలియడానికి ఒక ఊరి జనం ముందు మా బావ తలవంచుకోవలసి వచ్చింది.

వార్షికోత్సవం ముందు ఆదివారం బావ అడిగాడు, అన్నీ చేసినావా అని. అన్నీ చేసినాను బావా, ఏదీ తగల్లేదు అన్నాను. ఆయన తన వాటా రెండేసిసార్లు చేసి ఉన్నాడు. నా కాగితాలు చూపించమని అడగలేదు. బావమరిదిని అలా అడగడం ఆయన మర్యాద కాదు.

ఆ రోజు సాయంత్రం స్కూలు ఆవరణలో షామియానా వేశారు. చాపల మీద పిల్లలు, వెనక బెంచీల మీద పెద్దలు. మగ్గాలు కట్టిపెట్టి వచ్చిన నేతపనివాళ్ళు చాలామంది ఉన్నారు, పిల్లలు వాళ్ళవాళ్ళే కదా. అక్క ఆడవాళ్ళ వైపు కూర్చుంది. నేను గేటుకు దగ్గరగా నిలబడ్డాను. బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని బోర్డు మీద ఒకట్లు రాసి, ఒక్కొక్క వరసనూ పగలగొట్టి చూపించాడు. ఆరు ఒకట్లు ఐదు ముక్కలైనప్పుడు పిల్లలు చప్పట్లు కొట్టారు. చివర ఏడు ఒకట్లు రాసి, వెయ్యి దాటేదాకా భాగించి చూశామనీ, దీన్ని ఏదీ భాగించలేదనీ, ఇది ప్రధాన సంఖ్య అనీ చెప్పాడు.  

అధ్యక్షుడు లేచి వచ్చి చాక్‌పీసు అడిగాడు. కోపంగా ఏమీ లేడు. బోర్డు మీద 239 రాసి, పక్కన ఏడు ఒకట్లు రాసి, చిన్న క్లాసు పిల్లవాడిలాగా నెమ్మదిగా భాగించడం మొదలుపెట్టాడు. నాలుగుసార్లు పోయింది, నూటయాభై ఐదు మిగిలింది. ఒకటి దింపితే ఆరుసార్లు, నూటపదిహేడు మిగిలింది. మళ్ళీ ఒకటి దింపితే నాలుగుసార్లు, రెండు వందల పదిహేను. చివరి ఒకటి దింపాడు. రెండు వేల నూటయాభై ఒకటి. తొమ్మిదిసార్లు. కింద గీత గీసి సున్న పెట్టాడు.

లెక్క తెలియనివాళ్ళకు కూడా సున్న అంటే ఏమిటో అర్థమైంది. చాపల మీద పిల్లలు బావ వైపు చూశారు. నాకు మాత్రం ఆ క్షణంలో ఒక్కటే కనిపించింది. తొమ్మిది. 239 చివర తొమ్మిది. అది నా వాటా. నేను ఆపిన నూటతొంభై తొమ్మిది తరువాత నా వరసలో రెండు వందల ఇరవై మూడు, ఇరవై తొమ్మిది, ముప్పై మూడు, ఆ వెంటనే ఇదే. ఇంకో నాలుగు చేసి ఉంటే తగిలేది.

“భాగించానని చెప్పాలంటే భాగించి ఉండాలి, అయ్యవారూ,” అన్నాడు ఆ పెద్దాయన. “పిల్లల ముందు మరీ.”

బావ గేటు వైపు చూడలేదు. చూసి ఉంటే నేను నిలబడి ఉండేవాణ్ణి కాదు.

“తప్పు నాదండి,” అన్నాడు. “మళ్ళా చేస్తాను.”

అక్కడ నేను గొంతు విప్పి ఉంటే ఇప్పుడు ఇది రాసే పని ఉండేది కాదు. వెనక బెంచీలో ఒకాయన పక్కాయనతో, ఏడొకట్లు మన అయ్యవారి కాళ్ళకే తగులుకొన్నాయే అన్నాడు. ఇద్దరూ నవ్వారు. పేరు అక్కడే పుట్టింది.

మర్నాడు పొద్దున నేను మొదటి బస్సుకు పోదామని లేచేసరికి బావ నేల మీద కూర్చుని ఉన్నాడు. ముఖం ఎలా ఉంటుందో అని భయపడుతూ దగ్గరికి పోయాను. ఆయన ముఖంలో అవమానం లేదని అనను. కానీ దాని మీదుగా ఇంకేదో వచ్చి నిండింది.

“రాప్పా, ఇట్ల కూచో. యేమి దాంకోనుండాదో చూడు దీంట్లో.”

ఒకటిని 239తో భాగిస్తూ పోయాడు. దశాంశ బిందువు తరువాత 0041841 వచ్చింది. ఇంకా భాగిస్తే మళ్ళీ 0041841. మళ్ళీ అదే. ఏడేసి అంకెల గుంపులు, ఎంత దూరం పోయినా. రెండో ముక్కతో, అంటే నిన్న బోర్డు మీద వచ్చిన భాగఫలం 4649తో, ఒకటిని భాగించాడు. అక్కడ 0002151. అదీ ఏడు అంకెలే, అదీ మళ్ళీ మళ్ళీ వస్తుంది. తరువాత 4649ని తొమ్మిదితో హెచ్చించమన్నాడు. 41841 వచ్చింది. 239ని తొమ్మిదితో హెచ్చిస్తే 2151. మొదటి ముక్కను విప్పితే లోపల రెండోది కనిపిస్తోంది, రెండోదాన్ని విప్పితే మొదటిది. ఆ రెండూ పుట్టినప్పటి నుంచి ఒకదాని కడుపులో ఒకటి కూర్చుని ఉన్నాయి. ఆదోని కోట కట్టకముందు, కొండల మీద గుండ్లు లేకముందు, ఒకటీ రెండూ అని లెక్కపెట్టే మనిషే పుట్టకముందు నుంచి. ఎవరూ చూడకపోయినా వాటికి లోటు లేదు. నేను భాగించకుండా భాగించానని చెప్పినా వాటికి నష్టం లేదు. నష్టం మాకే.  అంతటి దాని ముందు నేను చెప్పిన అబద్ధం చిన్నదిగా కనిపించాలి. కనిపించలేదు.

“పగల్దు పగల్దు అనుకొన్యాను గానీ, పగిలినందుకే ఇదంతా కనపడ్య,” అన్నాడు బావ. తరువాత నేల మీద నుంచి చూపు తీయకుండానే అడిగాడు. “రెండు నూర్ల ముప్పై తొమ్మిది చేసినప్పుడు నీకు శేషం ఎంత వచ్చిందప్పా? తప్పు యాడ పోయిందో చూద్దాం.”

అది చెప్పడానికి దొరికిన రెండో అవకాశం. నా నోటికి ముందు రోజు బోర్డు మీద చూసిన అంకె ఒకటి వచ్చింది.

“నూటపదిహేడు,” అన్నాను.

ఆయన ఒక్క నిమిషం వేళ్ళతో ఏదో వేసుకుని తల ఊపాడు. ఐదు ఒకట్లను 239తో భాగిస్తే సరిగ్గా నూటపదిహేడు మిగులుతుంది. నేను ఏడు ఒకట్లకు బదులు పొరపాటున ఐదే రాసుకుని భాగించి ఉంటానని ఆయన తేల్చాడు. ఒకే అంకె అన్నిసార్లు రాసేటప్పుడు కళ్ళు మోసం చేస్తాయనీ, అది ఎవరికైనా జరిగేదే అనీ నాకు ధైర్యం చెప్పాడు. నాకు ధైర్యం చెప్పాడు. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే కూడా కలం ముందుకు పోవడం లేదు.

ఎస్సెల్సీ క్లాసు బయటి నుంచి వచ్చిన ఇంకొకాయనకు ఇచ్చారు. బావ రిటైరయ్యేదాకా చిన్న క్లాసులకే లెక్కలు చెప్పాడు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళందరికీ ఒక మాట గుర్తుంటుంది, భాగహారం మొదలుపెట్టే ముందు అంకెలు లెక్కపెట్టుకోండి అని. ఎమ్మిగనూరులో, నందవరంలో, కోసిగిలో నాకు కనిపించిన వాళ్ళు ఎందరో ఆ మాట చెప్పి, మంచి అలవాటు చేశాడయ్యా మీ బావ అన్నారు. నేను చేయని తప్పును చేశానని ఆయన నమ్మి, దాన్ని పిల్లలకు పాఠంగా మార్చాడు. నేను నిజంగా చేసిన తప్పుకు పాఠం చెప్పే వీలు ఆయనకు లేకుండా చేశాను.

ఇంకో సంగతి కూడా ఆయనే కనిపెట్టాడు, ఆ మరుసటి ఏడాది. ఐదు ఒకట్ల ముక్కలు నలభై ఒకటి, రెండు వందల డెబ్బై ఒకటి. వీటిని ఐదుతో భాగిస్తే ఒకటి మిగులుతుంది. ఏడు ఒకట్ల ముక్కలు 239, 4649. వీటిని ఏడుతో భాగిస్తే ఒకటి మిగులుతుంది. అంటే పదమూడుతో, పదిహేడుతో భాగించి చూసే అవసరమే లేదు. ఏడుతో భాగిస్తే ఒకటి మిగిలే ప్రధాన సంఖ్యలతో మాత్రం చూస్తే సరిపోతుంది. ఇరవై తొమ్మిది, నలభై మూడు, డెబ్బై ఒకటి, అలా పోతే ఎనిమిదోదే 239. మేము నూటా డెబ్బై తలుపులు తట్టాలనుకున్న చోట ఎనిమిది తలుపులు తడితే చాలేది. ఎందుకు అలా అవుతుందో ఆయన చాలాకాలం ఆలోచించాడు. కాలేజీవాళ్ళను అడుగుదామంటే వద్దన్నాడు. అడిగితే చెప్పేస్తారు అన్నాడు.

నిరుడు, బావ రిటైరైన తరువాత, ఒక ఆదివారం చెప్పాను. ఇల్లు అదే, నాపరాళ్ళు అవే. అక్క పక్కన కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. చేయలేదు బావా అన్నాను. నూటతొంభై తొమ్మిది దగ్గర ఆపినాను, మిగిలినవి మచ్చు చూసి చెప్పినాను.

ఆయన వేలితో నేల మీద 239 రాసుకున్నాడు.

“మరి నూటపదిహేడు యాడిది?”

“ఆ పొద్దు ఆ అధ్యక్షుడు బోర్డు మీద వేసినప్పుడు చూసినాను.”

“నేను పిల్లోల్లకు ఇన్నేండ్లు చెప్తా వచ్చినానే దాన్ని పట్టుకొని,” అన్నాడు. తరువాత, “చెప్పింది తప్పు కాదులే. లెక్కపెట్టుకోవాల్సిందే,” అన్నాడు.

అక్క చిక్కుడుకాయలు పక్కన పెట్టి లేచింది.

“మీ బావ ఆ పొద్దు ఇంటికొచ్చి కూడు తినల్యా,” అని నా వైపు చూసింది. “నువ్వు తింటివి. నేనే వడ్డిస్తి నీకు.”

లోపలికి పోయింది. ఆ రోజు మళ్ళీ బయటికి రాలేదు. ఇప్పటికీ నేను పోతే కాఫీ ఇస్తుంది గానీ పక్కన కూర్చోదు. అది ఆమె హక్కు. ఎంతకాలమైనా సరే.

బావ ఒక చాక్‌పీసు ముక్క వెతికి తీసి నేల మీద పదకొండు ఒకట్లు రాశాడు. ఏడు తరువాత ఎనిమిది, తొమ్మిది, పది తేలిగ్గా పగులుతాయి. పదకొండు ఆయనకు కూడా ఇంకా లొంగలేదట. వెయ్యి కోట్లు దాటిన సంఖ్య. ఆయన సూత్రం ప్రకారం దాని ముక్క ఏదయినా పదకొండుతో భాగిస్తే ఒకటి మిగలాలి, బేసి సంఖ్య కూడా కాబట్టి ఇరవై రెండుతో భాగించినా ఒకటే మిగలాలి. అయినా లక్షా ఐదు వేల దాకా చూడాలి. రాసి, చాలాసేపు దాన్నే చూశాడు. ఆ చూపు వార్షికోత్సవం ముందు రోజుల్లో ఎలా ఉండేదో అలాగే ఉంది. అంత పెద్ద సంఖ్యలో ఏముందో ఎవరికి తెలుసు? దాని ముక్కలు ఇప్పటికే నిర్ణయమై ఉన్నాయి, మేము చేరేదాకా ఎక్కడో కూర్చుని ఉన్నాయి, లేదా లేనే లేవు.

“ఒకటి, ఏడు నావి,” అన్నాడు. “మూడు, తొమ్మిది నీవి. ఈసారి శేషాలు గూడా రాసుకొని రావాల. ఒక్కొక్కదానికీ.”

ఏడాదిగా చేస్తున్నాము. నేను ఆదోని నుంచి ఆదివారం బస్సులో శేషాలు తీసుకుపోతాను. ఆయన ప్రతి ఒక్కదాన్నీ మళ్ళీ భాగించి చూస్తాడు. ఆ మర్యాద ఇప్పుడు నా విషయంలో పాటించడం లేదు, పాటించకూడదు కూడా. ఒక్కోసారి ఒక శేషం దగ్గర ఆగి, ఇదెంత అందంగా ఉందో చూడు అంటాడు. పద్నాలుగు వేలు దాటాము. ఇంతవరకు ఏదీ తగల్లేదు. పదకొండు ఒకట్లు పగులుతుందో పగలదో నేను చెప్పలేను. మూడుతో, తొమ్మిదితో ముగిసే నా వాటాలో పద్నాలుగు వేల దాకా ఉన్న వాటిలో ప్రతి ఒక్కటీ చేశాను. ఆ పైన ఉన్న వాటి గురించి నాకు ఏమీ తెలియదు.